ఒకే సీతాకోకచిలుక, రెండు పువ్వులు

ఫొటోల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఏ కెమెరా మంచిది, ఏ లెన్సు కొనాలి అని అడుగుతారు. నేను ఫొటోగ్రాఫర్‌ను కానని, ఒక తెలుగు దినపత్రిక పాతబస్తీ ఆఫీసులో ఇతరులు తీసిన ఫొటోల్లోంచి ఏది అచ్చువేయాలో ఎంచే ఉద్యోగం చేశానని చెబితే కొంచెం నిరాశ పడతారు. అయినా చాయ్ తాగేదాకా కూర్చుంటారు గనుక వాళ్లకు ఒక సంగతి చెబుతుంటాను. ఇప్పుడు మీకూ అదే చెబుతున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఉన్నవాళ్లలో కొందరు ఇప్పటికీ నాకు ఎదురుపడతారు.

మా ఆఫీసు నయాపూల్ దగ్గర ఒక బట్టల దుకాణం పైన ఉండేది. అందులో నాకంటే పెద్దవాడైన ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. మొఘల్‌పురాలో తరతరాలుగా గుడి అర్చకత్వం చేసే ఇంటివాడు. అన్నగారు గుడి చూసుకుంటే ఈయన కెమెరా పట్టాడు. నేను ఆయన్ను ‘అన్నా’ అనేవాణ్ణి, ఆయన నన్ను ‘తమ్మీ’ అనేవాడు.

ఆయన పేరు నిలబడింది జనంలో తీసిన ఫొటోల వల్ల. ఊరేగింపులు, కర్ఫ్యూలు, లాఠీఛార్జీలు. అందరూ పరిగెత్తేటప్పుడు ఆయన నిలబడేవాడు. ఒకసారి రాయి భుజానికి తగిలిన క్షణంలో నొక్కిన ఫొటో కూడా చెక్కినట్టు స్పష్టంగా వచ్చింది. ‘చేతిల సిమెంటు పోసిన్రా అన్నా?’ అని మేం ఎగతాళి చేసేవాళ్లం.

అలాంటి మనిషి ఉన్నట్టుండి జనంలోకి పోనన్నాడు. మోకాళ్లు నొప్పి అన్నాడు. ఊరేగింపుకు పొమ్మంటే సెలవు పెట్టాడు. రెండోసారీ అంతే చేసేసరికి మా ఎడిటర్ పిలిచి అడిగాడు. అప్పుడు ఆయనే ఒక ఉపాయం చెప్పాడట. పాతబస్తీలో ఖాళీ జాగాల్లో, సమాధుల పక్కన, పాత గోడల మీద ఎవరూ నాటని పూలు పూస్తాయి. వాటి మీద వాలే పురుగులను దగ్గరినుంచి తీసి ఆదివారం పేజీలో వేద్దామని. ఎడిటర్‌కు పెద్ద నమ్మకం లేదు గానీ, సీనియర్ మనిషిని ఊరికే కూర్చోబెట్టలేక సరేనన్నాడు.

మొదటి ఫొటో నాకు ఇప్పటికీ గుర్తుంది. తెల్లటి తుమ్మి పువ్వు, దాని కాడను నోటితో కరచుకొని నిద్రపోతున్న తేనెటీగ. పొట్ట మీద నీలి చారలు. ప్రతి రోమం మీదా మంచు. మేం అందరం బల్ల చుట్టూ చేరి చూశాం. రోజూ చెప్పుల కింద పడే మొక్క అది. దాని మీద ఇలాంటిది నిద్రపోతుందని మాలో ఎవరికీ తెలియదు.

ఈ పని ఎందుకు కష్టమో ఒక్క మాట చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. అంత దగ్గరినుంచి తీసేటప్పుడు ఫొటోలో స్పష్టంగా ఉండే భాగం గోరు మందం కూడా ఉండదు. పురుగు కన్ను స్పష్టంగా ఉంటే తోక మసకబారుతుంది. మీరు గట్టిగా ఊపిరి తీస్తే కన్నూ పోతుంది. గాలి వీస్తే పువ్వు ఊగుతుంది. మీ నీడ పడితే పురుగు లేచిపోతుంది. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టవచ్చు గానీ, దాని కాళ్లు సర్దేదాకా ఏ పురుగూ మీకోసం ఆగదు. చల్లటి పొద్దున నిద్రలో ఉన్నవి మాత్రమే ఆగుతాయి.

ఆ శీర్షికకు మేం అనుకోనంత ఆదరణ వచ్చింది. గడ్డిచామంతి మీద చీమ, పల్లేరు పువ్వు మీద ఆకుపచ్చ ఈగ, జిల్లేడు మీద నల్ల తుమ్మెద. జనం కత్తిరించి దాచుకునేవాళ్లు. మొఘల్‌పురాలోనే ఆడవాళ్ల బట్టలు కుట్టే ఒకామె ప్రతి ఆదివారం ఫొటోనూ దుకాణం గోడకు అంటించుకుంటోందని మా పేపర్ వేసే అతను చెప్పాడు. ప్రతి ఫొటో కింద మేం ఒక వాక్యం వేసేవాళ్లం: ‘సహజ స్థితిలో, ఉన్నది ఉన్నట్టుగా.’ ఆ వాక్యం రాసింది నేనే. నాకు మంచి వాక్యంలాగే తోచింది.

ఏడాది నిండుతుండగా ఎడిటర్ ఆ ఫొటోలతో కొత్త సంవత్సరం క్యాలెండర్ వేద్దామన్నాడు. దానితోపాటు ఒక ఆదివారం పాఠకులను పిలిచి, ఫొటోగ్రాఫర్ వెంట పువ్వులూ పురుగులూ చూపిద్దామన్నాడు. చాంద్రాయణగుట్ట అవతల, మా చిన్నాయన బర్రెల కొట్టం వెనక ఒక పెద్ద ఖాళీ జాగా ఉంది. మాది పాల వ్యాపారం చేసే కుటుంబం. చిన్నప్పుడు నేను బర్రెలు తోలుకుపోయిన జాగా అది. అక్కడికి పిలుద్దామని ఖాయం చేశారు.

క్యాలెండర్‌కు ఎంచడం నా పని. ఒక మధ్యాహ్నం ఫొటోలన్నీ పెద్దవిగా ప్రింటు తీయించి బల్ల మీద పరిచాను. తుమ్మి పువ్వు మీద ఒక నిమ్మ సీతాకోకచిలుక, నలుపు మీద లేతపసుపు మచ్చలు. దాని వెనక రెక్క అంచున పిట్ట పొడిచినట్టు మూడు మూలల చిరుగు. అందంగానే ఉంది, పక్కన పెట్టాను. ఇంకో ఫొటోలో విష్ణుక్రాంత పువ్వు మీద ఇంకో నిమ్మ సీతాకోకచిలుక. దానికీ అదే రెక్కలో, అదే చోట, అదే చిరుగు. మీసం కూడా అదే వైపు వంగి ఉంది.

రెండూ ఒకే పొద్దున తీసి ఉండవచ్చు కదా అని మొదట నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ మొదటిది వానాకాలంలో నయాపూల్ కింద తీసినట్టు, రెండోది ఎండాకాలంలో ఒక సమాధి దగ్గర తీసినట్టు ఆయన రాసిచ్చిన వివరాలు మేమే అచ్చువేశాం. అప్పుడు కాళ్లు చూశాను. బతికున్న పురుగు పువ్వును పట్టుకుంటుంది. ఈ సీతాకోకచిలుక కాళ్లు రెండు ఫొటోల్లోనూ పొట్ట కిందికి ముడుచుకుని ఉన్నాయి. అది పువ్వు మీద వాలలేదు, ఎవరో పెట్టారు.

ఎవరికీ చెప్పకుండా సాయంత్రం మొఘల్‌పురా వెళ్లాను. తలుపు వదిన తీసింది, అంటే ఆయన భార్య. నన్ను చూసి ఆమె ముఖం విప్పారింది.

“నువ్వొచ్చినవా, మంచిగైంది. ఇగ ఆ డబ్బా నీతోనే తీస్కపోయ్యా. నాకు పానం మీదికొస్తున్నది” అంది.

“ఏ డబ్బా వదినా?”

“ఏ డబ్బా అంటవేంది? మీ ఆఫీసోళ్లే ఫ్రిజ్‌ల పెట్టమన్నరట గదా! మడికట్టుకొని వండుకునే ఇంట్ల పాలగిన్నె పక్కన పురుగులు పెడితే ఎట్లయ్యా? మా బావగారికి తెలిస్తే ఇల్లు లేస్తది.”

ఫ్రిజ్ తెరిచి చూపించింది. పెరుగు గిన్నెకూ కొత్తిమీర కట్టకూ నడుమ ఒక ప్లాస్టిక్ డబ్బా. మూత తీస్తే తడి దూది పరుపు. దాని మీద ఒక గొల్లభామ, రెండు తేనెటీగలు, చిన్న ఆకుపచ్చ ఈగలు. ఒక మూలన చిరిగిన రెక్క సీతాకోకచిలుక. మేం అచ్చువేసిన శీర్షిక అంతా ఆ డబ్బాలో ఉంది.

ఆయన మిద్దె మీద ఉన్నాడు. అక్కడ తుమ్మి, గడ్డిచామంతి, విష్ణుక్రాంత కుండీల్లో పెరుగుతున్నాయి. చుట్టూ ఎండ తగలకుండా తెల్లటి గుడ్డ. మధ్యలో ట్రైపాడ్ మీద కెమెరా. నా చేతిలో డబ్బా చూశాడు.

“ఎప్పటిసంది అన్నా?” అన్నాను.

“మొదటియి నిజమే తమ్మీ. పొద్దుగాల్ల నిద్రల ఉన్నయి తీసిన. ఎండలు ముదిరినంక పురుగులు దొరకలే. ఆదివారం ఆగదు గదా.”

“ఒక వారం లేదని చెప్తే అయిపోతుండె గదా.”

ఆయన కుడిచేయి చాచి నా ముందు పెట్టాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. ఆపాలని చూసేకొద్దీ ఎక్కువగా వణికాయి.

“మోకాళ్ల నొప్పి లేదు, ఏం లేదు. ఇది ఉన్నది. గా జనంల నిలబడి తీస్తే ఒక్క ఫొటో సక్కగ వస్తలేదు. చేతులు వణికే ఫొటోగ్రాఫర్‌ను ఎవడు ఉంచుకుంటడు చెప్పు? మెల్లగ కూసోని ట్రైపాడ్ మీద తీసేదైతే ఎవరికీ తెల్వదనుకున్న. చల్లగ చేస్తే పురుగు కదలదు. కదలకపోతే నా చేతితోని పనిలేదు.”

“దవాఖానకు పోయినవా?”

“పోతే ఏదో పేరు పెడ్తరు. పేరు పెట్టినంక ఇగ అదే నేను.”

కిందినుంచి వదిన చాయ్‌కి పిలిచింది. ఇద్దరం కదల్లేదు. క్యాలెండర్‌కు ఈ ఫొటోలు పోవని, ఎడిటర్‌కు చెప్పక తప్పదని చెప్పాను. ఆయన తల ఊపాడు. “చెప్పు. నీ నౌకరి నువ్వు జెయ్యి” అన్నాడు. కోపంగా అనలేదు. అది ఇంకొంచెం ఇబ్బందిగా ఉండింది.

మర్నాడు ఎడిటర్‌కు రెండు ప్రింట్లూ చూపించాను. ఆయన చాలాసేపు చూసి కళ్లజోడు తీశాడు.

“పువ్వు నిజమే గదా?”

“నిజమే సార్.”

“పురుగు నిజమే గదా?”

“నిజమే. కానీ సచ్చిపోయి ఉన్నది.”

“మరి లొల్లి ఎవరు చేస్తరు? ఆ సీతాకోకచిలుక కోర్టుకు పోతదా?”

‘ఉన్నది ఉన్నట్టుగా’ అని మనం ప్రతివారం అచ్చువేస్తున్నాం కదా అన్నాను. ఆ వాక్యం ఎవరు రాశారని అడిగాడు. నేనే అన్నాను. అయితే పొరపాటు వాక్యానిదేనన్నట్టు చూశాడు. చివరికి తేల్చింది ఇది: క్యాలెండర్‌కు చార్మినార్ పాత ఫొటోలు వేస్తాం. పాఠకులను ఇప్పటికే పిలిచాం గనుక ఆదివారం కార్యక్రమం జరుగుతుంది. ఆ తర్వాత శీర్షికను చప్పుడు లేకుండా ఆపేస్తాం. ఎవరూ ఏమీ మాట్లాడరు. నాకు ఇందులో కొంత నచ్చింది, కొంత నచ్చలేదు. శీర్షిక ఆగిపోతుంది గనుక ఊరుకున్నాను. చేతుల సంగతి మాత్రం ఎడిటర్‌కు చెప్పలేదు. అది ఆయన చెప్పుకోవలసిన సంగతి.

ఆదివారం పొద్దున మేం ఊహించినదానికంటే ఎక్కువమంది వచ్చారు. పిల్లలతో తల్లిదండ్రులు, ఒక బడి పంతులమ్మ, ఉర్దూ మీడియంలో చెప్పి రిటైరైన ఒక పెద్దాయన, ఫోన్లు పట్టుకున్న కాలేజీ కుర్రాళ్లు. బట్టలు కుట్టే ఆమె కూడా వచ్చింది. బురఖా మీద నడుముకు కట్టిన చిన్న సంచిలో పేపర్ ముక్కలు. వాటిమీద ఫొటోగ్రాఫర్ సంతకం తీసుకోవాలని తెచ్చింది. అవతల ఫ్లైఓవర్ మీద బస్సుల మోత, ఇవతల మా చిన్నాయన బర్రెల అరుపులు. వానలు వెళ్లిన కొత్త. తుమ్మి, గడ్డిచామంతి మోకాలెత్తున ఉన్నాయి.

అన్న చాలా బాగా మాట్లాడాడు. ఏ పువ్వును ఏమంటారో, ఏ ఈగ ఎక్కడ పడుకుంటుందో చెప్పాడు. అవన్నీ ఆయనకు నిజంగా తెలిసినవే. ఎడిటర్ నా పక్కన నిలబడి, గండం గడుస్తోందన్నట్టు జేబులో చేతులు పెట్టుకున్నాడు.

అప్పుడు ఆ కుట్టుపని ఆమె ముందుకొచ్చింది. “అన్నా, మా ముంగట ఒక్క ఫొటో తియ్యుండ్రి. ఎట్ల తీస్తరో చూడాలని మస్తు రోజులసంది ఉన్నది” అంది.

అందరూ అవునన్నారు. ఎడిటర్ “ఎండ పెరిగింది, ఇప్పుడు కుదరదేమో” అని ఏదో అనబోయాడు. అన్న అప్పటికే గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. కొంచెం దూరంలో నీలి చారల తేనెటీగ ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు తిరుగుతోంది. ఆయన కెమెరా ఎత్తాడు. పొడుగాటి లెన్సు చివర ఊగడం దూరంగా ఉన్న నాకు కూడా కనపడింది. తేనెటీగ వాలింది, లేచింది. మళ్లీ వాలింది. ఆయన ఒకసారి నొక్కాడు, తెర మీద చూసుకున్నాడు, మళ్లీ ఎత్తాడు. ఒక కాలేజీ కుర్రాడు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. తల్లులు పిల్లలను ఉష్ అన్నారు. ఎవరూ కదలడం లేదు. ఆయన నుదుటి మీద చెమట.

కెమెరా పక్కన పెట్టి సంచిలో చేయి పెట్టాడు. ఆరోజు నేను మిద్దె మీదే వదిలివచ్చిన ప్లాస్టిక్ డబ్బా తీశాడు. చూపెట్టడానికే తెచ్చాడో, గతిలేకపోతే దొంగచాటుగా వాడుకోవడానికి తెచ్చాడో నాకు తెలియదు. తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఎడిటర్ నా మోచేయి పట్టుకున్నాడు.

“చూడుండ్రి” అన్నాడు అన్న. మూత తీసి, వేళ్లు వణుకుతుండగానే, ఒక పసుపు సీతాకోకచిలుకను మెల్లగా ఎత్తి గడ్డిచామంతి మీద పెట్టాడు. అది రెక్కలు మూసుకుని పక్కకు ఒరిగింది. ఆయన గడ్డిపరకతో నిలబెట్టాడు. “నేను గిట్లనే తీస్తున్న. కొన్ని నెలలసంది మీరు పేపర్ల చూసినయి గివే. ఫ్రిజ్‌ల పెట్టి తెచ్చినయి. మొదట్ల తీసినయి నిజమైనయి. ఆ తర్వాతియి గిట్ల.”

కుట్టుపని ఆమెకు వెంటనే అర్థం కాలేదు. “సచ్చిందా అది?” అని అడిగింది.

“ఇది సావలేదమ్మా, చలికి పడుకున్నది. తక్కినయి శాన సచ్చినయి.”

“ఎందుకు?”

ఆయన రెండు చేతులూ చాచి చూపించాడు. “గీ చేతులతోని అయితలేదు. చెప్పుకోనీకి భయమైంది.”

ఒక కాలేజీ కుర్రాడు నవ్వాడు. ఒక తండ్రి పిల్ల చేయి పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. కుట్టుపని ఆమె ముఖం ఎర్రబడింది.

“నేను దుకాన్ల గోడ నిండ అంటించుకున్న. వచ్చినోళ్లందరికి చూపించిన. మన గల్లీలనే ఉంటయి, కండ్లు తెర్చి చూడుండ్రి అని చెప్పిన. నేను ఝూట్ చెప్పినట్టు అయింది గదా అన్నా?” అంది.

“గల్లీల ఉంటయమ్మా. ఆ మాట ఝూట్ కాదు. ఫొటోనే ఝూట్” అన్నాడాయన. “మాఫ్ చెయ్యి.”

ఆమె పేపర్ ముక్కలున్న సంచి మూతి బిగించుకుంది. రిటైరైన ఉర్దూ పంతులుగారు మాత్రం “సచ్ బోల్ దియే, బస్ భాయ్” అని, నిజం చెప్పావు, అది చాలన్నట్టు ఆయన్ను చేయి పట్టి లేపబోయాడు.

అప్పుడే ఒక చిన్నపిల్ల “అమ్మా, కదుల్తున్నది” అంది. అందరం పువ్వువైపు తిరిగాం. ఎండ తగిలి సీతాకోకచిలుక ఒళ్లంతా సన్నగా అదురుతోంది. రెక్కలు కొంచెం విప్పింది, మూసింది. మళ్లీ విప్పింది. వెళ్లిపోబోతున్నవాళ్లు కూడా ఆగారు. కెమెరా ఆయన పక్కనే గడ్డిలో ఉంది, ఆయన దాన్ని ముట్టుకోలేదు. సీతాకోకచిలుక లేచి, తాగినవాడిలా అటూ ఇటూ ఊగి, బర్రెల కొట్టం గోడ మీదుగా పోయింది. ఒకరిద్దరు పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దవాళ్లకు కొట్టాలో వద్దో తెలియలేదు.

ఎడిటర్‌కు అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. ఫొటోలు దొంగవని తెలిసినప్పుడు రాని కోపం, అది నలుగురిలో చెప్పినందుకు వచ్చింది. మర్నాటికల్లా వివరణ అచ్చువేయక తప్పలేదు. దాన్ని రాయమని నాకే అప్పగించాడు. నేను రాసినదాన్ని ఆయన కుదించాడు, ఆయన కుదించినదాన్ని పైవాళ్లు ఇంకా కుదించారు. చివరికి మిగిలింది చదివితే, పురుగులే పాఠకులకు క్షమాపణ చెబుతున్నట్టు ఉండింది.

అన్నను ఎవరూ తీసెయ్యలేదు. ఆయనే రాజీనామా చేశాడు. చివరి రోజున కెమెరా అప్పగించి, అందరి దగ్గరా మామూలుగా సెలవు తీసుకుని మెట్లు దిగాడు. నేను కింద దాకా వెళ్లాను. “దవాఖానకు పో అన్నా, ఇప్పుడు దాచేటిదేమున్నది?” అన్నాను. “అవును, ఇప్పుడేమున్నది” అని ఆటో ఎక్కాడు.

వెళ్లాడు. ఆయన భయపడిన పెద్ద జబ్బు ఏదీ కాదట. వాళ్ల నాయనకూ వయసు మీద పడ్డాక హారతిపళ్లెం అలాగే వణికేదట. డాక్టర్ మాత్రలు రాశాడు. పూర్తిగా పోలేదు గానీ సగం తగ్గింది. ఈ సంగతి నాకు వదిన ఫోన్లో చెప్పి, “గీ మాత్రలు అప్పుడే మింగి ఉంటే నా ఫ్రిజ్ నాకుండేది గదయ్యా” అంది.

కుట్టుపని ఆమె దుకాణం ముందునుంచి ఒకసారి నడిచిపోతుంటే లోపలికి చూశాను. ఫొటోలు గోడకు అలాగే ఉన్నాయి. నన్ను గుర్తుపట్టి పిలిచింది. తీసేద్దామనుకుందట. అవి చూసి వాళ్ల అమ్మాయి ఇంటి వెనక మురుగునీళ్లు పోయే మోరీ గట్టున నిజం తేనెటీగ నిద్రపోవడం కనిపెట్టిందట. అందుకని ఉంచేసింది. “అన్నకు చెప్పుండ్రి” అంది. “ఇంకా కోపం ఉన్నదని కూడ చెప్పుండ్రి.” రెండూ చెప్పాను.

నేను రిటైరయ్యాక మొఘల్‌పురా వైపు వెళితే ఆయన ఇంటికి తప్పకుండా పోతాను. మిద్దె మీద తెల్లగుడ్డ లేదు. కుండీలు ఉన్నాయి, వాటికి తోడు గోడ పగుళ్లలో దానంతట అది మొలిచిన గడ్డిచామంతి ఉంది. ఒక పాత కెమెరా కొనుక్కున్నాడు. పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఎక్కువ ఫొటోలు మసకగానే వస్తాయి, వాటిని చెరిపేస్తాడు. చూపించమంటే సిగ్గుపడతాడు.

మొన్న వెళ్లినప్పుడు మాత్రం ఆయనే పిలిచి కెమెరా వెనక తెర చూపించాడు. గడ్డిచామంతి పువ్వు, ఒక్కొక్క పుప్పొడి రేణువూ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంది. కాడ ఒక పక్కకు వంగి ఉంది. పువ్వు మీద ఏమీ లేదు.

“పురుగేది అన్నా?” అన్నాను.

“ఇప్పుడే లేచిపోయింది. కాడ చూడు, దాని బరువుకు వంగినది ఇంకా లేవలే.”

వంగే ఉంది. కొంచెంసేపు చూశాను.

“ఫొటో మంచిగొచ్చింది” అన్నాను.

“పువ్వుది” అన్నాడు ఆయన. కెమెరా తీసుకుని మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు. నీడ పడకుండా నన్ను కొంచెం పక్కకు జరగమన్నాడు.